బెర్బెరా రేవులో ఆగిన మందలు

ఏడెన్ సింధుశాఖకు దక్షిణపు ఒడ్డున ఉన్న బెర్బెరా రేవు నుంచి కొన్ని శతాబ్దాలుగా ఓడలకెక్కుతున్న సరుకులలో ప్రధానమైనది తన కాళ్ళతో తానే నడిచివచ్చే సరుకు. వానలు తక్కువై, పైరు నిలవని ఆ నేలలో సోమాలీ ప్రజల బతుకుదెరువు ఒంటెలు, గొర్రెలు, మేకలు. తెలుగు పల్లెల్లో గొర్రెలనూ మేకలనూ కలిపి జీవాలు అన్నట్టుగా సోమాలీ భాషలో ఆ రెంటినీ కలిపి ‘అడి’ అంటారు. తల, మెడ నల్లగా, ఒళ్ళంతా తెల్లగా ఉండి, తోక మొదట కొవ్వు పేరుకునే ఆ ప్రాంతపు గొర్రెకు అరబ్బు దేశాలలో బెర్బెరా పేరే స్థిరపడింది. ఈ జీవాలను కొనే దేశం తన రేవులు మూసినప్పుడల్లా ఎడారి లోపల వందల మైళ్ళ దూరాన ఉన్న కాపరి కుటుంబానికి ఏమవుతుందన్నది పంతొమ్మిదో శతాబ్దం నుంచి ఈనాటి దాకా సాగుతున్న కథ. శాస్త్రార్థంలో ఇవి దిగుమతి నిషేధాలే అయినా, కొనేవాడు ఒక్కడే అయిన చోట దిగుమతి నిషేధానికీ ఎగుమతి నిషేధానికీ తేడా ఉండదు.

రిచర్డ్ బర్టన్ అనే ఆంగ్ల యాత్రికుడు 1854–55లో చూసిన బెర్బెరా ఏడాది పొడుగునా నిలిచే పట్టణం కాదు. శీతకాలపు గాలుల వేళ లోపలి ప్రాంతాల నుంచి ఒంటెల బిడారులు దిగగానే తడికెల గుడిసెలతో సంత వెలిసేది, ఎండలు ముదిరేసరికి ఆ తీరం దాదాపు నిర్మానుష్యమయ్యేది. పరాయి ఊరి వ్యాపారి తన ప్రాణానికీ సరుకుకూ పూచీపడే స్థానికుణ్ణి ఒకణ్ణి ఏర్పాటు చేసుకుంటే తప్ప ఆ సంతలో అడుగుపెట్టలేకపోయేవాడు. ‘అబ్బాన్’ అని పిలిచే ఆ పూచీదారే అక్కడి వర్తకానికి తొలి వ్యవస్థ. 1855 ఏప్రిల్‌లో బర్టన్ విడిదిపై దాడి జరిగి అతని సహచరుడొకడు చనిపోగా, ఏడెన్‌లోని బ్రిటిష్ అధికారులు అందుకు శిక్షగా బెర్బెరా తీరాన్ని దిగ్బంధించి, 1856 నవంబరులో ఒడంబడిక కుదిరేదాకా వర్తకాన్ని ఆపివేశారు. దాడి చేసినవారు కొందరే అయినా, సరుకు అమ్ముకోలేకపోయింది మాత్రం ఆ సంతను నమ్ముకున్న తెగలన్నీ. తర్వాతి నూటయాభై ఏళ్ళలో కారణాలు మారాయి గాని, ఈ అమరిక మాత్రం మారలేదు.

ఏడెన్‌కు బెర్బెరా ఎంత అవసరమో దాని పరిపాలనే చెబుతుంది. 1839లో ఏడెన్‌ను ఆక్రమించిన బ్రిటిష్‌వారు దాన్ని బొంబాయి ప్రభుత్వం కింద ఉంచారు. ఆ రాతినేల మీద దండుకూ, బొగ్గు కోసం ఆగే ఓడలకూ కావలసిన మాంసం ఎదుటి ఒడ్డు నుంచి రావాల్సిందే కనుక, ఈజిప్టు సేనలు బెర్బెరాను వదిలిపోయిన 1884లో సోమాలీ తెగలతో వరసగా ఒప్పందాలు చేసుకుని ఆ తీరాన్ని తమ రక్షిత ప్రాంతంగా చేసుకున్నారు. ఏడెన్‌కు మాంసపు కొట్టు అనే పేరు ఆ ప్రాంతానికి అప్పుడే పడింది. 1898 దాకా అది భారత ప్రభుత్వపు అజమాయిషీలోనే ఉంది. అక్కడ గొర్రె ధర చాలాకాలం రూపాయలలోనే పలికేది.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత కొనేవాడు మారాడు. సౌదీ అరేబియాలో చమురు డబ్బు పెరిగి, హజ్ యాత్రకు వచ్చేవారి సంఖ్య ఏటేటా పెరుగుతుండటంతో, బక్రీద్ నాటి ఖుర్బానీకి కావలసిన లక్షలాది జీవాలకు బెర్బెరా ప్రధానమైన రేవయింది. 1973లో చమురు ధర ఒక్కసారిగా ఎగసిన తర్వాత ఈ గిరాకీ ఇంకా పెరిగింది. సోమాలీ కాపరి బతుకు ఈ పండుగ లెక్కకు ఎలా ముడిపడిందో కొంచెం వివరంగా చూడాలి. ఆడజీవాలు పాలకూ మంద పెరుగుదలకూ ఆధారం గనుక కాపరి వాటిని అమ్మడు. అమ్మకానికి వెళ్ళేవి పొట్టేళ్ళు, మేకపోతులు మాత్రమే. ఖుర్బానీకి కావలసినవీ ఏ అవకరమూ లేని, వయసు నిండిన జీవాలే, అందులోనూ కోరేది ఎక్కువగా మగజీవాలనే. కాపరి వదులుకోదలచినదీ యాత్రికుడు కోరుకునేదీ ఒకటే కావటం వల్ల ఈ వర్తకం మందను తరిగించకుండానే ధాన్యం తెచ్చిపెట్టేది. పైగా చాంద్రమానం ప్రకారం బక్రీద్ ఏటా సుమారు పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది గనుక, అమ్మకాల కాలం కొన్నేళ్ళు పచ్చిక కాలంలోనూ కొన్నేళ్ళు నిలువెండల కాలంలోనూ పడుతూ ముప్పైమూడేళ్ళకొక చుట్టు తిరిగేది. ఏ యేడు ఏ వయసు పిల్లను నిలపాలో, దేన్ని అమ్మాలో ఈ లెక్కతోనే కాపరులు తేల్చుకునేవారు.

తొలి పెద్ద దెబ్బ 1983లో తగిలింది. రిండర్‌పెస్ట్ అనే పశువుల మహమ్మారి సోకిందన్న కారణంతో సౌదీ అరేబియా సోమాలియా నుంచి ఆవులు, ఎద్దుల దిగుమతిని ఆపివేసింది. 1880ల చివర ఇదే రోగం ఇథియోపియాలో పశువులను దాదాపు తుడిచిపెట్టి ఘోరమైన కరవు తెచ్చింది గనుక ఆ భయం ఊరికే పుట్టింది కాదు. అప్పటికి దేశపు విదేశీ ద్రవ్యంలో నూటికి ఎనభై వంతుల దాకా పశువుల ఎగుమతి నుంచే వచ్చేది. వర్తకులు తాము ఆర్జించిన విదేశీ ద్రవ్యాన్ని ప్రభుత్వ బ్యాంకుకు అప్పగించకుండా దానితో నేరుగా బియ్యం, చక్కెర, బట్ట కొని తెచ్చుకునే ‘ఫ్రాంకో వాల్యూటా’ పద్ధతి అంతకుముందు అమలులో ఉండేది. అంటే ఓడ వెళ్ళేటప్పుడు గొర్రెలు, వచ్చేటప్పుడు బియ్యం. వెళ్ళే ఓడ ఆగితే వచ్చే ఓడా ఆగుతుంది. 1983 తర్వాత దేశాధినేత సియాద్ బర్రే ప్రభుత్వం ఆర్థికంగా ఎన్నటికీ కోలుకోలేదు. 1988లో ఉత్తరాన అంతర్యుద్ధం రాజుకుని, హర్గీసా నగరం సొంత ప్రభుత్వపు బాంబుల కిందే నేలమట్టమై, 1991 నాటికి రాజ్యమే కూలిపోయింది. ఆ పతనానికి కారణాలు అనేకం, నిషేధం వాటిలో ఒకటి మాత్రమే. కాని ఎగుమతి ఆదాయం లేని ప్రభుత్వం తన పౌరుల మీదికి ఎంత తొందరగా తుపాకి తిప్పగలదో ఆ దశాబ్దం చూపింది.

1991 మే 18న, పాత బ్రిటిష్ రక్షిత ప్రాంతమైన ఉత్తర ప్రాంతం సోమాలీలాండ్ పేరిట స్వతంత్రత ప్రకటించుకుంది గాని అప్పట్లో ప్రపంచ దేశాలు దాన్ని గుర్తించలేదు. గుర్తింపు లేనిచోట అప్పులు పుట్టవు, సాయమూ అందదు. 1993లో బొరామా పట్టణంలో తెగల పెద్దలు నెలల తరబడి సమావేశమై అధ్యక్షుడిగా ఎన్నుకున్న ఎగాల్ ప్రభుత్వానికి తొలి పెట్టుబడి పశువుల వర్తకులిచ్చిన అప్పులూ బెర్బెరా రేవు సుంకాలూ మాత్రమే. సైనికుల జీతాలు, పోలీసు ఠాణాలు, న్యాయస్థానాలు అన్నీ ఓడకెక్కే ఒక్కొక్క పొట్టేలు మీద పడే పన్నుతోనే నడిచాయి. గొర్రెల మీద నిలబడిన రాజ్యం అంటే అతిశయోక్తి కాదు. 1997 నాటికి బెర్బెరా, బొసాసో రేవుల నుంచి దాటిన జీవాల సంఖ్య ముప్పై లక్షలకు చేరువైంది. ఇథియోపియాలోని హౌద్, ఒగాడెన్ మైదానాల మందలు కూడా సరిహద్దు దాటి ఈ రేవుకే దిగేవి.

ఈ వర్తకం నడిచే తీరును బురావో పట్టణపు సంతలో దగ్గరగా చూడవచ్చు. తెల్లవారకముందే కాపరి తన జీవాలను తోలుకొచ్చి తన తెగకు చెందిన ‘దిలాల్’కు అప్పగిస్తాడు. తెలుగులో దళాలి, దళారి అని స్థిరపడిన అరబ్బు మాటే అక్కడ దిలాల్ అయింది. దిలాల్ కొనుగోలుదారు చేతిని పట్టుకుని, మీద గుడ్డ కప్పి, వేళ్ళు నొక్కుతూ ధర చెబుతాడు. చుట్టూ నిలబడినవారెవరికీ ఆ అంకె తెలియదు. ఒంగోలు ఎడ్ల సంతలో తుండుగుడ్డ కింద చేతులు కలిపి బేరమాడటం ఎరిగిన తెలుగు రైతుకు ఇది పరిచయమైన దృశ్యమే. అయితే దిలాల్ పని బేరంతో తీరదు. ఈ పొట్టేలు దొంగసొత్తు కాదని కొన్నవాడికీ, డబ్బు తప్పక వస్తుందని అమ్మినవాడికీ అతడే పూచీ. పాత అబ్బాన్ బాధ్యతే ఇక్కడ కొత్త రూపంలో కొనసాగుతున్నది. చాలా బేరాలు అరువు మీదనే జరుగుతాయి. జీవాలు లారీలలో షేఖ్ కనుమ దిగి బెర్బెరా చేరి, ఓడెక్కి జెడ్డాలో దిగి, అక్కడి వర్తకుడు డబ్బు చెల్లించాక అది ఎగుమతిదారుకూ, అతని నుంచి దిలాల్‌కూ, చివరగా కాపరికీ అందుతుంది. కాపరి మాత్రం ఆ డబ్బును నమ్మి అప్పటికే కొట్లో బియ్యం, పంచదార, టీపొడి అరువు తెచ్చుకుని ఉంటాడు. సంతలో పొట్టేలు నుంచి ఇంట్లో అన్నం దాకా అంతా ఒకే మాటల గొలుసు.

ఈ గొలుసును తెంచినది రిఫ్ట్ లోయ జ్వరం. కెన్యాలోని నైవాషా సరస్సు దగ్గరి గొర్రెల మందలో వచ్చిన రోగాన్ని పరిశోధించి 1931లో ఈ వైరస్‌ను గుర్తించారు. ఒక జాతి దోమల గుడ్లు ఎండిన పల్లపు నేలలో ఏళ్ళ తరబడి చెక్కుచెదరక పడివుండి, అసాధారణమైన వరద వచ్చినప్పుడు ఒక్కసారిగా పొదుగుతాయి. ఆ దోమ కాటుతో సూడి గొర్రెలు మందలు మందలుగా ఈసుకుపోతాయి, పుట్టిన పిల్లలు వారం తిరగకుండా చనిపోతాయి, రోగం సోకిన జీవాన్ని కోసిన మనిషికీ జ్వరం పట్టుకుంటుంది. 1997 చివర ఎల్‌నినో ప్రభావంతో తూర్పు ఆఫ్రికాలో కనివిని ఎరుగని వానలు కురిసి, ఈశాన్య కెన్యాలోని గరిస్సా ప్రాంతంలోనూ దక్షిణ సోమాలియాలోనూ ఈ జ్వరంతో వందలమంది మనుషులు చనిపోయారు. 1998 ఫిబ్రవరిలో సౌదీ అరేబియా సోమాలీ తీరం మొత్తానికి తలుపులు మూసింది. ఆ యేడు బక్రీద్ ఏప్రిల్ 7న వచ్చింది. అంటే మందలన్నీ రేవు దారి పట్టే సమయానికి, రోగం పుట్టిన చోటికి ఎంతో దూరాన ఉన్న బెర్బెరా మూతపడింది.

1999లో నిషేధం సడలి మందలు మళ్ళీ కదిలాయి గాని, 2000 సెప్టెంబరులో ఈ జ్వరం ఎర్రసముద్రం దాటి సౌదీలోని జిజాన్ ప్రాంతంలోనూ యెమెన్‌లోనూ బయటపడింది. ఆఫ్రికా ఖండానికీ దాని దీవులకూ బయట ఈ వ్యాధి కనిపించటం అదే మొదలు. సౌదీలోనే వందమందికి పైగా చనిపోగా, ఆ దేశం మళ్ళీ తలుపులు మూసింది. తన పౌరులు చనిపోతున్నప్పుడు ఏ ప్రభుత్వమైనా రేవులు మూస్తుంది, మూయాలి కూడా. ఆ నిర్ణయాన్ని తప్పుపట్టలేం. తప్పు దాని గడువులో ఉంది. రోగం సోకిన జీవం రక్తంలో వైరస్ నిలిచేది కొద్ది రోజులు మాత్రమే గనుక, దోమలు చేరని చోట కొన్ని వారాలు విడిగా ఉంచి, రక్తం పరీక్షించి పంపవచ్చునన్నది పశువైద్యులకు తెలిసిన విషయమే. అయినా ఆ ఏర్పాటు ఎప్పుడు, ఎవరు, ఏ ప్రమాణంతో చెయ్యాలో చెప్పేవారు లేకపోవటంతో తొమ్మిదేళ్ళు గడిచాయి.

అందుకు మూలకారణం ఒక కాగితం. దేశాంతరం వెళ్ళే ప్రతి మందతోనూ అది రోగరహితమని ఎగుమతి దేశపు ప్రభుత్వ పశువైద్యాధికారి సంతకం చేసిన ధ్రువపత్రం వెళ్ళాలి. ఆ పత్రాల ప్రమాణాలను పారిస్‌లోని ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ నిర్ణయిస్తుంది. అందులో సభ్యులు రాజ్యాలు మాత్రమే. ఆ ఏళ్ళలో సోమాలియా రాజధాని మొగదిషులో నిలకడైన ప్రభుత్వం లేదు, సోమాలీలాండ్ రాజధాని హర్గీసాలో ప్రభుత్వం ఉన్నా దానికి గుర్తింపు లేదు. అక్కడి పశువైద్యుడు ఎంత సమర్థుడైనా అతని సంతకానికి చెల్లుబాటు ఉండేది కాదు. ఈ తేడాను 2003లో జరిగిన మరొక ఘటన పక్కన పెట్టి చూడాలి. ఆ యేడు ఆస్ట్రేలియా నుంచి కార్మో ఎక్స్‌ప్రెస్ అనే ఓడలో వచ్చిన దాదాపు 58 వేల గొర్రెలను నోటి పుండ్ల వ్యాధి కారణంగా సౌదీ అరేబియా తిరస్కరించింది. ఓడ వారాల తరబడి సముద్రంలో తిరిగి వేలాది గొర్రెలు చనిపోయాక, ఆస్ట్రేలియా ప్రభుత్వమే ఆ మందను కొని, మిగిలినవాటిని ఎరిత్రియాకు ఉచితంగా ఇచ్చి, సౌదీతో చర్చలు జరిపి తన రైతుల మార్కెట్టును మళ్ళీ తెరిపించుకుంది. ఏడెన్ సింధుశాఖకు ఈ ఒడ్డున ఉన్న సోమాలీ కాపరి తరఫున అప్పుడు అలా కూర్చుని మాట్లాడే రాజ్యం లేదు.

మూతపడిన ఆ ఏళ్ళలో కాపరి ఇంట్లో జరిగినదాన్ని బీదరికం అనే ఒక్క మాటలో సరిపెట్టడానికి వీల్లేదు. మొదట పడిపోయింది మారకం. ఒక పొట్టేలుకు ఎన్ని బస్తాల బియ్యం వస్తాయన్నదే కాపరి చూసుకునే అసలు ధర. పొట్టేలు ధర పడిపోయిన కాలంలోనే, విదేశీ ద్రవ్యం రాక తగ్గి సోమాలీలాండ్ షిల్లింగు విలువ పడిపోవటంతో బియ్యం ధర పెరిగింది. అమ్ముడుపోని మగజీవాలు మందలోనే ఉండిపోయి, పాలిచ్చే ఆడజీవాల పాలిటి పచ్చికను మేశాయి. పాలు తగ్గితే మొదట తగ్గేది పసిపిల్లల తిండి. సూల్, సనాగ్ పీఠభూములలో 2001 నుంచి వరసగా వానలు తప్పినప్పుడు ఈ బరువు భరించరానిదైంది. అంతకుముందు కరవు ముంచుకొచ్చేలోపే పొట్టేళ్ళను అమ్మి, ఆ డబ్బుతో నీళ్ళ లారీ తెప్పించుకుని ‘బెర్కెద్’ అనే సిమెంటు తొట్టిని నింపుకుని ఆడజీవాలను కాపాడుకునేవారు. నిషేధం ఆ దారిని మూసింది. కరవు వచ్చింది వాన లేకనే అయినా, దాన్ని దాటే ఉపాయం పోయింది రేవు మూతపడటం వల్లనే.

కొందరు గొడ్డలి పట్టారు. ‘గలోల్’ అని పిలిచే తుమ్మజాతి చెట్టు ఆ మైదానాలలో ఒంటెకు మేత, మేకకు నీడ, గుడిసెకు కర్ర. దాన్ని నరికి బొగ్గు కాల్చి అమ్మటం సోమాలీలలో గౌరవమైన పని కాదు. మంద చితికిపోయినవారికి అదే జీవనమైంది. చెట్టు పోయిన చోట మట్టి కొట్టుకుపోయి, మళ్ళీ రేవు తెరిచినా మందకు మేత లేని స్థితి ఏర్పడింది. ఆడవాళ్ళు పట్టణపు అంచుల్లో టీ కొట్లు, పాల బేరం మొదలుపెట్టి ఇళ్ళు నెట్టుకొచ్చారు. విదేశాల్లోని బంధువులు ‘హవాలా’ సంస్థల ద్వారా పంపే డబ్బే చాలా కుటుంబాలకు మిగిలిన ఆసరా కాగా, న్యూయార్కు దాడుల తర్వాత 2001 నవంబరులో అమెరికా ప్రభుత్వం వాటిలో అతి పెద్దదైన అల్ బరకాత్ ఆస్తులను స్తంభింపజేయటంతో అదీ కొంతకాలం చిక్కులో పడింది.

నిషేధం వర్తకాన్ని పూర్తిగా ఆపలేదు, దారి మళ్ళించింది. జీవాలు చిన్న పడవల్లో యెమెన్‌కు చేరేవి. 2006లో జిబూటీలో అంతర్జాతీయ సాయంతో క్వారంటైన్ కేంద్రం, అంటే జీవాలను విడిగా ఉంచి పరీక్షించే ఆవరణ, తెరిచాక సోమాలీ మందలే జిబూటీ పత్రాలతో సౌదీకి వెళ్ళటం మొదలైంది. గొర్రె అదే, గడ్డి అదే, మారింది కాగితం మాత్రమే. దారి పొడుగైన కొద్దీ లారీ బాడుగలు, మధ్యవర్తుల వాటాలు పెరిగి, వాటినన్నింటినీ మినహాయించగా మిగిలినదే కాపరికి దక్కేది.

2009 నవంబరులో, ఆ యేటి బక్రీద్‌కు కొద్ది వారాల ముందు, బెర్బెరాలో ఒక సౌదీ వ్యాపారి కట్టిన క్వారంటైన్ కేంద్రం ద్వారా సౌదీ మార్కెట్టు మళ్ళీ తెరుచుకుంది. ఆ మధ్యకాలంలో కొన్ని పనులు మేలుగానే జరిగాయి. 2002లో షేఖ్ పట్టణంలో పశువైద్య సాంకేతిక పాఠశాల మొదలై, స్థానిక యువకులే రక్తనమూనాలు తీసి పరీక్షించగల స్థితికి వచ్చారు. 1983 నాటి నిషేధానికి కారణమైన రిండర్‌పెస్ట్‌ను ప్రపంచమంతటా నిర్మూలించినట్టు 2011లో ప్రకటించగలిగారంటే, ఆ రోగం చిట్టచివరిదాకా దాగిన సోమాలీ మైదానాల్లో ఊరూరా తిరిగిన పశు ఆరోగ్య కార్యకర్తల శ్రమ అందులో ఉంది. అయితే కొత్త ఏర్పాటులో క్వారంటైన్ ఆవరణ ఎవరిదో బేరం వారిదయింది. వారాల తరబడి జీవాలకు మేత కొనిపెట్టే స్తోమత లేని చిన్న ఎగుమతిదారులు తప్పుకున్నారు. పూర్వం పదిమంది కొనేవారి మధ్య వేళ్ళు నొక్కి ధర పెంచగలిగిన దిలాల్ ఒకరిద్దరి ధరకు తలవంచాల్సి వచ్చింది.

సంఖ్యలు మాత్రం పెరిగాయి. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ లెక్క ప్రకారం 2014లో సోమాలీ తీరం నుంచి 50 లక్షల పశువులు ఎగుమతి కాగా, వాటిలో 46 లక్షలు గొర్రెలు, మేకలే. మొత్తం ఎగుమతి విలువ 36 కోట్ల డాలర్లు. ఆ అంకె చూసి కష్టకాలం గడిచిందనుకున్న తరుణంలో, 2016 చివర తీవ్రమైన కరవు మధ్యనే సౌదీ అరేబియా మళ్ళీ రిఫ్ట్ లోయ జ్వరం అనుమానంతో దిగుమతులు ఆపింది. 2017లో హజ్ కోసం కొద్దికాలం సడలించేనాటికి కరవులో ఎన్నో మందలు అప్పటికే ఎముకల గుట్టలయ్యాయి. 2020లో దెబ్బ తీసింది జీవాల రోగం కాదు. కొవిడ్ వల్ల హజ్ యాత్రను సౌదీలో ఉంటున్న సుమారు వెయ్యి మందికి పరిమితం చేయటంతో ఖుర్బానీ గిరాకీ పడిపోయింది. ఆ జూలై నెలలో బురావో సంతకు పొట్టేళ్ళు తోలుకొచ్చిన కాపరి ముందు రెండు దారులే ఉన్నాయి: వచ్చినంతకు అమ్మి కొట్టువాడి బాకీలో కొంత తీర్చటం, లేదా ఆ మగజీవాలను వెనక్కి తోలుకుపోయి, వాన మీద భారం వేసి, వచ్చే బక్రీద్ దాకా ఆడజీవాల పచ్చికలోనే వాటినీ మేపటం.